లోపం: లేదు

శనివారం ఉదయం ఏడు గంటలకు చిన్నల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు కడగాలి, తుడవాలి. సాయంత్రం నాలుగింటికి మామగారు వచ్చేసరికి అది తళతళలాడుతూ గేటు లోపల నిలబడి ఉండాలి. అంతే. అతను అంతటితో ఆగి ఉంటే ఆ రోజు గురించి ఇంకెవరికీ చెప్పుకోవలసిన అవసరం ఉండేది కాదు.

కారు మామగారిది. ఇరవై రెండేళ్ళ డీజిల్ బండి. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. కిలో రాయిలో రెండు గ్రాములు తగ్గినా చేత్తో ఎత్తి చెప్పేసేవాడని ఆయనకు పేరు. కళ్ళ డాక్టరు ఇక బండి నడపొద్దన్నాక ఆయన ముగ్గురు అల్లుళ్ళనూ వరసగా కూర్చోబెట్టి ఒక ఏర్పాటు చేశాడు. కారు ఒక్కొక్కరి దగ్గర నాలుగు నెలలు ఉంటుంది. ఏడాది తిరిగాక తనే వచ్చి చూసి, ముగ్గురిలో ఒకరికి శాశ్వతంగా ఇచ్చేస్తాడు. కారు ముందు అరలో గళ్ళు గీసిన పుస్తకం ఒకటి పెట్టాడు. తేదీ, తిరిగిన కిలోమీటర్లు, లోపం, మరమ్మతు. రోజుకో వరస నింపాలి. అట్ట మీద ఎర్ర సిరాతో 'కొట్టివేతలు, దిద్దుబాట్లు చెల్లవు' అని రాసి కింద సంతకం కూడా చేశాడు.

పెద్దల్లుడు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. అతని నాలుగు నెలల్లో లోపం గడి నిండా 'లేదు' అని ఉంది. మందుల కంపెనీలో పనిచేసే రెండో అల్లుడి నాలుగు నెలల్లోనూ 'లేదు' అనే ఉంది, కాకపోతే చేతిరాత బాగుంది. చిన్నల్లుడు కూడా రోజూ 'లేదు' అనే రాశాడు. అతని విషయంలో అది నిజం కూడా. ఎంత నిజమంటే, శుక్రవారం పడుకోబోయే ముందే శనివారం వరస కూడా 'లోపం: లేదు' అని నింపేసి హాయిగా నిద్రపోయాడు.

ఆ కారు అతనికి కావాలి. మిగిలిన ఇద్దరికీ సొంత కార్లున్నాయి. పెద్దల్లుడికి ఇది కొడుకు డ్రైవింగ్ నేర్చుకోవడానికి కావాలి. రెండో అల్లుడికి, పెద్దల్లుడికి దక్కకుండా ఉండడానికి కావాలి. చిన్నల్లుడి అవసరం వేరు. అతను ఇంటి వెనక గదిలో పెట్టుడు పళ్ళ సెట్లు తయారు చేస్తాడు. పళ్ళ డాక్టర్లు కొలతలు పంపిస్తారు, అతను పళ్ళు కట్టి ఇస్తాడు, భార్య వాటిని పెట్టెలో సర్దుకుని ఊరంతా తిరిగి అందజేస్తుంది. క్రితం ఏడాది వానలో స్కూటరు జారి ఆమె మణికట్టు విరిగింది. పెట్టె పగిలి పన్నెండు సెట్ల పళ్ళు రోడ్డంతా పరుచుకున్నాయి. లేవదీయడానికి పరిగెత్తుకొచ్చినవాళ్ళు వాటిని చూసి, వచ్చినంత వేగంగానూ వెనక్కి వెళ్ళిపోయారు. ఆమె ఆ సంగతి ఇప్పుడు నవ్వుతూ చెబుతుంది. కాని మబ్బు పడితే చాలు, స్కూటరు తాళం వైపు చూడదు. ఈ నాలుగు నెలలూ పెట్టెని వెనక సీట్లో పెట్టుకుని తనే కారు నడుపుకుంటూ వెళుతుంటే, ఆమె భుజాలు మళ్ళీ మామూలుగా దిగడం అతను చూశాడు. అది చూసిన దగ్గర్నుంచి ఆ కారు మీద అతనికి ఆశ పుట్టింది.

ఆమె ఆ ఉదయం పెట్టె పట్టుకుని బస్సుకు బయలుదేరుతూ, బానెట్ ఎత్తి లోపలికి పైపు పట్టుకున్న భర్తను చూసి ఆగింది.

"లోపల కూడా కడుగుతున్నారా?"

"మీ నాన్నగారు ముందు చూసేది అక్కడే కదా."

"చూస్తారు నిజమే. ఏదైనా సందేహం వస్తే ఫోన్ చెయ్యండి. ఆ బండితోనే పెరిగాను నేను."

"కారు కడగడానికి సందేహాలేముంటాయి? నువ్వెళ్ళు, బస్సు పోతుంది."

ఆమె వెళ్ళిపోయింది. బానెట్ లోపలి వైపు ఒక బూడిదరంగు కంబళి ముక్క దళసరిగా మడిచి, నాలుగు మూలలా తాడుతో కట్టేసి ఉంది. నూనె, దుమ్ము కలిసి అది ఎలుకల కాపురంలా తయారైంది. ఇలాంటిది పెట్టుకుని మామగారి ముందు ఎలా నిలబడడమనుకుని చిన్నల్లుడు తాళ్ళు కోసి, దాన్ని సబ్బు నీళ్ళలో నానేసి, మూడు బకెట్ల నల్లనీళ్ళు తీసి, పెరట్లో దండెం మీద ఆరేశాడు. తరువాత ఇంజిన్ను పొడిగుడ్డతో తుడిచాడు. తడి ఆరుతుందని తాళం తిప్పి స్టార్ట్ చేశాడు.

టక్. టక్. టక్. టక్.

ఎవరో ఇంజిన్ లోపల కూర్చుని సుత్తితో తలుపు కొడుతున్నట్టుంది. అతను ఆపి మళ్ళీ స్టార్ట్ చేశాడు. మళ్ళీ టక్ టక్. కాలితో పెడలు నొక్కితే చప్పుడు పరిగెత్తింది, వదిలితే నడిచింది. నాలుగు నెలలుగా వినని చప్పుడు. నీళ్ళు. లోపలికి నీళ్ళు వెళ్ళాయి, చేజేతులా నేనే పంపాను అనుకుని అతను ఇంజిన్ ఆపేశాడు. టైము చూసుకున్నాడు. ఎనిమిదిన్నర. మామగారికి ఇంకా ఏడున్నర గంటల దూరముంది. ముందు అర తెరిచి పుస్తకం చూశాడు. 'లోపం: లేదు' అని తన చేతిరాతే తాపీగా అతన్ని చూసింది.

మెకానిక్ షెడ్డు రెండు వీధుల అవతల. చిన్నల్లుడు వెళ్ళి పిలిచిన మెకానిక్ మాట పొదుపు మనిషి. వచ్చి, ఇంజిన్ స్టార్ట్ చేయించి, మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు మొనను ఇంజిన్ మీద ఆనించి పిడిని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. అలా పది చోట్ల విన్నాడు. అతను కళ్ళు తెరిచినప్పుడల్లా చిన్నల్లుడు ముందుకు వంగాడు.

"ఏమీ లేదు సార్" అన్నాడు మెకానిక్.

"ఏమీ లేకపోతే ఆ చప్పుడేమిటి?"

"పాత డీజిల్ కదా. కొడుతుంది."

"నిన్నటిదాకా కొట్టలేదండీ."

మెకానిక్ అతన్ని జాలిగా చూసి, పానా తీసి, నాలుగు సిలిండర్లకూ డీజిల్ తీసుకెళ్ళే గొట్టాల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి మళ్ళీ బిగించాడు. ఒక్కొక్కటి వదిలినప్పుడల్లా నాలుగు టక్కుల్లో ఒక టక్కు తగ్గింది. బిగించగానే తిరిగి వచ్చింది.

"చూశారా, నాలుగూ సమానంగా కొడుతున్నాయి. జబ్బయితే ఒక చోటే ఉంటుంది. నాలుగూ ఒకేలా కొడితే అది జబ్బు కాదు, దాని గొంతే అంత."

అంత పొడుగు మాట అతను ఆ నెలలో ఇంకెవరితోనూ ఆడి ఉండడు. వినవలసిన మాటే. కాని చిన్నల్లుడి వృత్తి అడ్డం వచ్చింది. అతను పదిహేనేళ్ళుగా చేస్తున్న పనిలో టక్కుమన్నదంటే తప్పున్నట్టే. పెట్టుడు పళ్ళు మాట్లాడేటప్పుడు టక్కుమంటే ఎక్కడో ఒక పన్ను ఎత్తుగా ఉందని, పైవరసా కిందివరసా సరిగ్గా కలవడం లేదని అర్థం. నాలుగు చోట్ల టక్కుమంటే నాలుగు చోట్లా తప్పుందని అర్థం. గొంతే అంత అని ఏ పేషెంటుకైనా చెప్పి పంపగలమా?

"పైమూత తీసి ఒకసారి చూద్దామండీ" అన్నాడు.

మెకానిక్ తల గోక్కుని మూత విప్పాడు. లోపల ఎనిమిది ఇనప వేళ్ళు ఎనిమిది కాడల మీద వాలి వరసగా ఉన్నాయి. ఆ కాడలే వాల్వులు. అతను ఇంజిన్ను పానాతో చేత్తో తిప్పుతూ, ప్రతి వేలికీ కాడకీ మధ్య ఒక పల్చటి రేకు దూర్చి సందు కొలిచాడు. ఒకదాన్ని వదులు చేసి, బిగించి, సరిచేసే పద్ధతి కూడా చూపించాడు. చూపించకుండా ఉండవలసింది.

"సందులన్నీ కరెక్టుగా ఉన్నాయి. మూసేద్దాం" అన్నాడు.

మూసేద్దామంటే నూనె కారకుండా మూతకింద ఉండే ప్యాకింగు విప్పేటప్పుడే చిరిగిపోయింది. కొత్తది తేవాలంటే ఊరి అవతలి కొట్టుకు వెళ్ళాలి. "రెండు మూడు గంటలు పడుతుంది. ఏమీ ముట్టుకోకండి" అని మెకానిక్ సామాను అక్కడే వదిలి వెళ్ళాడు. వెళ్ళే ముందు చిన్నల్లుడి తృప్తి కోసం చిరిగిన ప్యాకింగుతోనే మూత పెట్టి ఇంకోసారి స్టార్ట్ చేసి చూపించాడు. సరిగ్గా ఆ టక్ టక్ మధ్యలో భార్య ఫోన్ చేసింది. చిన్నల్లుడు ఇంజిన్ పక్కన నిలబడే ఎత్తాడు.

"నేను మూడున్నరకు బస్సు దిగుతాను" అంటూ మొదలుపెట్టి ఆమె ఆగిపోయింది. "అదేమిటి, నాన్న అప్పుడే వచ్చేశారా?"

అతను గేటు వైపు చూశాడు. "లేదే. ఎవరన్నారు? నాలుగింటికి కదా?"

"అదే అనుకున్నాను. మరి, అంతా బాగానే ఉందా?"

"బ్రహ్మాండంగా ఉంది. ఎండ కూడా బాగుంది" అని అతను ఫోన్ పెట్టేశాడు. మామగారు ముందే వస్తున్నట్టు ఆమెకేదో కబురు అందిందని, తనకు చెప్పడం లేదని అతనికి కొత్త అనుమానం మొదలైంది.

ఆ కంగారులో పెద్దల్లుడికి ఫోన్ చేశాడు. ఎంత చెడ్డా ఫిజిక్స్ లెక్చరరు, చప్పుళ్ళ గురించి ఏదో తెలిసి ఉంటుందనుకున్నాడు.

"అన్నగారూ, కారు మీ దగ్గరున్నప్పుడు ఎప్పుడైనా టక్కుటక్కుమని చప్పుడు వచ్చిందా?"

అటువైపు గబగబా తలుపు మూసిన చప్పుడైంది.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు పెద్దల్లుడు గొంతు తగ్గించి.

"ఎవరూ చెప్పలేదు. ఊరికే అడిగాను."

"ఊరికే ఎవరూ అడగరు తమ్ముడూ. నా నాలుగు నెలల్లో ఏ చప్పుడూ రాలేదు. రాలేదని పుస్తకంలో రాశాను, చూసుకో. నువ్వు బానెట్ తీశావా?"

"తీశానండీ."

"ఎందుకు తీశావు? సరే, తీశావు. ఉన్నదాన్ని ఉన్నచోట ఉంచితే ప్రపంచంలో ఏ చప్పుడూ ఉండదు. అర్థమైందా?"

చిన్నల్లుడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కాలేజీలో ఇలాగే చెబుతారేమో, పిల్లలు ఎలా పాసవుతున్నారో అనుకుంటూ ఉండగానే రెండో అల్లుడి ఫోన్ వచ్చింది. పెద్దల్లుడు వెంటనే అటు ఫోన్ చేసినట్టున్నాడు.

"తమ్ముడూ, ఇందులో నా పేరు ఎక్కడా రాకూడదు. కారు నా దగ్గరకు వచ్చేటప్పటికే అది అలా ఉంది."

"ఏది అలా ఉందండీ?"

"అదే. ఇప్పుడెక్కడుంది?"

"కారా? గేటు లోపలే ఉంది."

"కారు కాదయ్యా. సరే, ఫోన్లో వద్దు. నేనే వస్తున్నాను. మావయ్యగారికి మాత్రం చెప్పకు."

చెప్పడానికి అతని దగ్గర ఏముందో అతనికే తెలియదు. అయితే ఒక్కటి మాత్రం గట్టిపడింది. కారులో ఏదో ఘోరం ఉంది, అది ఇద్దరు తోడల్లుళ్ళకూ తెలుసు, భార్యకూ లీలగా తెలుసు, ఒక్క తనకే తెలియదు. పన్నెండయింది. మెకానిక్ జాడ లేదు. చిన్నల్లుడు మూత విప్పి మళ్ళీ ఆ ఎనిమిది ఇనప వేళ్ళనూ చూశాడు. ఈసారి అతని కళ్ళు మెరిశాయి.

సందులు. వేలికీ కాడకీ మధ్య సందుంది. సందుంటే తగులుతుంది, తగిలితే టక్కుమంటుంది. పై పన్ను కింది పన్ను మీద ఆనుకుని ఉండాలే గాని ఎత్తు నుంచి వచ్చి పడకూడదని చదువుకున్న మొదటి వారంలోనే చెప్పారు. పెద్ద పెద్ద మెకానిక్కులు ఇంత చిన్న విషయం పట్టించుకోకపోవడం చూసి అతనికి వృత్తిపరమైన గర్వం కలిగింది. వెనక గదిలోకి వెళ్ళి నీలికాగితం చుట్ట తెచ్చాడు. అది పళ్ళ మధ్య పెట్టి కొరికిస్తే, ఎక్కడ తగులుతోందో అక్కడ నీలి మచ్చ పడుతుంది. దాన్ని ముక్కలు చేసి ఒక్కొక్క వేలి కింద పెట్టాడు. మెకానిక్ చూపించినట్టే ఇంజిన్ను చేత్తో తిప్పుతూ ఒక్కొక్క మర వదులు చేసి, కాగితం కదలనంత వరకు బిగించాడు. కాగితం పట్టుకున్నాక ఇంకో అర చుట్టు వేశాడు, అరుగుదలకు పనికొస్తుందని. ఎనిమిదీ పూర్తయ్యేసరికి రెండు దాటింది. ఎనిమిది కాడల మీదా ఎనిమిది నీలి మచ్చలు సమానంగా పడ్డాయి. ఇంత చక్కటి పలువరస ఈ మధ్య ఏ మనిషికీ కుదరలేదని అతను నిజంగానే అనుకున్నాడు.

మూత పెడుతూ ఉండగా తోడల్లుళ్ళు ఒకరి వెనక ఒకరు దిగారు. ఇద్దరి చేతిలోనూ పెద్ద సంచులున్నాయి. పెద్దల్లుడు అతన్ని నీళ్ళ తొట్టి వెనక్కి తీసుకెళ్ళాడు.

"రెండోవాడికి తెలియకుండా దీన్ని లోపల పెట్టెయ్" అని సంచి తెరిచాడు. లోపల దళసరి కంబళి ఉంది.

"ఎండాకాలం కదండీ" అన్నాడు చిన్నల్లుడు.

"నీ కోసం కాదయ్యా" అని పెద్దల్లుడు పళ్ళు నూరాడు. అంతలో రెండో అల్లుడు అటు రావడంతో సంచి మూసేసి, మొక్కల గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు.

కాసేపటికి రెండో అల్లుడు అతన్ని గేటు దగ్గరకు పిలిచాడు. "అన్నగారికి తెలియకుండా ఇది వాడుకో" అని తన సంచి తెరిచాడు. అందులోనూ కంబళే. చిన్నల్లుడు రెండు కంబళ్ళూ మోస్తూ నడివాకిట్లో నిలబడ్డాడు. మామగారు రాత్రికి ఉంటారేమో, వీళ్ళకు ముందే తెలిసి పక్కలు తెచ్చారేమో అనుకుని, వాటిని లోపలికి తీసుకెళ్ళి మంచం మీద పరిచాడు. ఇద్దరు తోడల్లుళ్ళూ కిటికీలోంచి అది చూసి ఒకరి మొహం ఒకరు చూసుకోలేక చెరో వైపు తిరిగారు.

"సరే గాని చప్పుడేదీ? ఒకసారి స్టార్ట్ చెయ్యి" అన్నాడు పెద్దల్లుడు.

"చప్పుడు నేనే తీసేశాను" అని చిన్నల్లుడు ఠీవిగా తాళం తిప్పాడు.

ఇంజిన్ గిర్రున తిరిగింది. టక్కు లేదు. అసలు ఏ చప్పుడూ లేదు. స్టార్టరు తిరిగినంతసేపు ఫ్యానులా తిరిగి, తాళం వదలగానే ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ గిర్రున తిరిగి ఆగింది.

"చప్పుడు పోయింది, నిజమే" అన్నాడు రెండో అల్లుడు. "కాని బండి కూడా పోయినట్టుంది."

పదోసారి తిప్పేసరికి బ్యాటరీ దిగి స్టార్టరు కూడా నీరసించింది. సరిగ్గా అప్పుడు గేటు తెరుచుకుంది. మామగారు, ఆయన చేతి సంచి పట్టుకుని చిన్న కూతురు, వాళ్ళ వెనక ప్యాకింగు పట్టుకుని మెకానిక్. ముగ్గురూ ఒకే బస్సు దిగారట. నాలుగింటికి ఇంకా పదిహేను నిమిషాలుంది. మామగారు ఏ పనికైనా పదిహేను నిమిషాలు ముందే వెళ్ళే మనిషి.

ఆయన ఎవరినీ పలకరించలేదు. నేరుగా కారు దగ్గరకు వెళ్ళి, సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. నీరసంగా ఒక చుట్టు తిరిగి ఆగింది. ఆయన చెవి పెట్టి విన్నాడు. దిగి, బానెట్ కింద చూశాడు. మూత మీద నీలి వేలిముద్రలు కనిపించాయి. ఆయన మొహంలో రంగు మారింది.

"చప్పుడేది?" అన్నాడు.

"పోయిందండీ" అన్నాడు చిన్నల్లుడు.

"ఎక్కడికి పోయింది? ఇరవై రెండేళ్ళు రోజూ విన్న చప్పుడు. ఏం చేశారు దాన్ని?"

మెకానిక్ మూత విప్పి లోపలికి చూసి, ఒక నీలికాగితం ముక్కను రెండు వేళ్ళతో పైకి తీశాడు.

"సందులన్నీ మూసేశారు సార్. వాల్వులు మూసుకోవడం లేదు. ఊపిరి నిలవకపోతే ఇంజిన్ ఎలా లేస్తుంది?"

"సందుంటే తగులుతుంది కదా అని..." చిన్నల్లుడు నీళ్ళు నమిలాడు. "పళ్ళకైతే అంతేనండీ."

మామగారు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. తరువాత బానెట్ లోపలి వైపు చూశాడు. నాలుగు మూలలా కోసిన తాళ్ళు వేలాడుతున్నాయి.

"ఇక్కడ కంబళి ఉండాలి" అన్నాడు.

ఆ మాటతో ఇద్దరు పెద్ద అల్లుళ్ళూ కాస్త కుంచించుకున్నారు. చిన్నల్లుడు పెరటి వైపు చెయ్యి చూపించాడు. దండెం మీద కంబళి సగం ఆరి, మునుపెన్నడూ లేనంత శుభ్రంగా ఊగుతోంది.

"మీకు బండి ఇచ్చే ముందు నేనే కట్టాను అది" అన్నాడు మామగారు. "ఈ ఇంజిన్ కొన్న రోజు నుంచీ అలాగే కొడుతుంది. కొత్తవాళ్ళు కదా, విని బెదిరిపోతారని చప్పుడు తగ్గడానికి కట్టాను. పుస్తకంలో మొదటి పేజీలో రాశాను కూడా. చదవలేదా?"

ఎవరూ చదవలేదు. ముగ్గురూ తమ తమ పేజీల్లో 'లేదు' అని రాసుకోవడంలోనే మునిగిపోయారు. చిన్నల్లుడు తోడల్లుళ్ళ వైపు, కిటికీలోంచి కనిపిస్తున్న రెండు కంబళ్ళ వైపు చూశాడు. ఉదయం నుంచి విన్న తలా తోకా లేని మాటలన్నీ అప్పుడు ఒక్కొక్కటే వచ్చి వాటి చోట కూర్చున్నాయి. వాళ్ళూ కంబళి విప్పారు. వాళ్ళూ ఆ చప్పుడు విన్నారు, తామే పాడుచేశామనుకున్నారు. గుట్టుగా దాన్ని మళ్ళీ కట్టేశారు. తేడా ఒక్కటే, వాళ్ళు ఉతకలేదు.

మెకానిక్ ఎనిమిది సందులూ మళ్ళీ కొలిచి పెట్టాడు, కొత్త ప్యాకింగు వేసి మూత బిగించాడు. పెద్దల్లుడి కారు నుంచి తీగలు కలిపి బ్యాటరీకి బలం ఇచ్చారు. ఆ ముప్పావు గంటా నలుగురు మగవాళ్ళూ వాకిట్లో నాలుగు దిక్కులు చూస్తూ నిలబడ్డారు. చిన్నల్లుడి భార్య అందరికీ టీ ఇచ్చింది. అతనికి ఇచ్చేటప్పుడు మాత్రం గోళ్ళలో ఇరుక్కున్న నీలిరంగు చూసి, కొంగు అందించింది. అతనికి ఆ క్షణంలో భూమిలోకి దూరిపోవాలనిపించింది.

ఇంజిన్ లేచింది. టక్ టక్ టక్ టక్. కంబళి లేకుండా, ఉన్నంత గొంతుతో వీధి చివరిదాకా వినిపించింది. మామగారు కళ్ళు మూసుకున్నాడు. ఆయన మొహంలో బిగువంతా ఒక్కసారిగా వదిలింది. చిన్న కూతురు నవ్వింది.

"వీధి మలుపులో ఇది వినిపించగానే రేడియో కట్టేసి పుస్తకాలు తెరిచేవాళ్ళం ముగ్గురమూ" అంది. "పొద్దున ఫోన్లో వినపడితే నాన్న వచ్చేశారేమో అనుకున్నాను."

మామగారు ముందు అరలోంచి పుస్తకం తీసి ఏడాది పేజీలన్నీ తిరగేశాడు. ఈ రోజు వరస దగ్గర ఆగాడు.

"ఇది ఎప్పుడు రాశారు?"

"నిన్న రాత్రి" అన్నాడు చిన్నల్లుడు. ఇక దాచి చేసేదేమీ లేదు. "నాకు భయం వేసిందండీ. చప్పుడు సంగతి మీకు తెలిస్తే కారు ఇవ్వరనుకున్నాను. వానాకాలం వస్తోంది, తనని మళ్ళీ ఆ స్కూటరు ఎక్కించడం నా వల్ల కాదు. అది తప్ప నాకింకేమీ తోచలేదు."

ఆమె అతన్ని చూసింది. స్కూటరు గురించి అతను అంత దిగులు పడుతున్నాడని ఆమెకు కూడా అప్పుడే తెలిసింది. ఆమె కళ్ళు చెమర్చాయి.

మామగారు కూతురి వైపు తిరిగాడు. "నీకు ఈ చప్పుడు తెలుసు కదమ్మా. ఏమీ కాలేదని వీళ్ళకు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"నన్నెవరూ అడగలేదు నాన్నా" అంది ఆమె.

ఎదుట ముగ్గురు అల్లుళ్ళు, మూడు కంబళ్ళ భారం మోస్తున్నట్టు తలలు వంచుకుని ఉన్నారు. ఆయన ఇంజిన్ ఆపి, తాళం తీసి, చిన్న కూతురి చేతిలో పెట్టాడు.

"బండి నీదమ్మా. అల్లుడికి కాదు, నీకే ఇస్తున్నాను. అతన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకో, ఫరవాలేదు. మూత దగ్గరకు మాత్రం రానివ్వకు."

చిన్నల్లుడికి ప్రాణం లేచొచ్చింది. కారు దక్కినందుకు సంతోషించాలో, తనకు దక్కనందుకు సిగ్గుపడాలో తెలియక రెండూ కొంచెం కొంచెం చేశాడు. పెద్దల్లుడు ఫిజిక్సులో శబ్దం అనే విషయం గురించి ఏదో మొదలుపెట్టబోయి, మామగారి చూపు చూసి మానేశాడు. రెండో అల్లుడు మాత్రం, పెద్దల్లుడికి దక్కలేదు కదా అని కొంత స్థిమితపడ్డాడు.

మామగారు బానెట్ మీద పుస్తకం పరిచి జేబులోంచి ఎర్ర సిరా కలం తీశాడు. కొట్టివేతలు చెల్లవు కాబట్టి శనివారం వరసను అలాగే ఉంచి, దాని కింద కొత్త వరస మొదలుపెట్టాడు. లోపం అనే గడిలో 'అల్లుళ్ళు, ముగ్గురు' అని రాశాడు. మరమ్మతు గడి దగ్గర కలం ఎత్తి ముగ్గురినీ మరోసారి వరసగా చూసి, 'కుదరదు' అని రాసి సంతకం పెట్టాడు.